పచ్చ నీళ్ళు

ఇంజను వేడి చూపే సూది ఎర్ర గీత వైపు కదలడం నేనే ముందు చూశాను. మా ఆయన సామ్యేలు ఎదురుగా వచ్చే బస్సును చూసుకుంటున్నాడు. నాకు మాత్రం ఆ ఇరవై ఏడేళ్ళ మారుతి కారు మీద మొదటినుంచీ నమ్మకం తక్కువ. ఐస్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మీటరునే చూస్తున్నాను.

వెనక సీట్లో మా అత్త లీలమ్మ రెండంతస్తుల కేకు పెట్టెను పట్టుకుని కూర్చుంది. నర్సీపట్నంలో పెళ్ళి కేకుకి అదే నా మొదటి ఆర్డరు. పదిన్నరకల్లా చర్చిలో ఉండాలి. మేమింకా మాకవరపాలెం దాటి ఎంతో దూరం రాలేదు. ఈ కేకు పాడైతే ఆ ఊళ్ళో ఇంకెవరూ నన్ను నమ్మరు.

"ఏసీ ఆపీ ఎస్తేరూ," అన్నాడు సామ్యేలు. ఆపాను. సూది ఆగలేదు.

పక్కకు తీసి బానెట్ ఎత్తాడు. పొద్దున ఇంజను చల్లబరిచే కూలెంటు సీసా నిండుగా ఉందనే చూశాడు గానీ, హడావుడిలో రంగు చూడలేదు.

"ఇదేటి, నీళ్ళు తెల్లగున్నాయి? నాను పోసింది పచ్చ కూలెంటు గదా. గొట్టం కూడా బయటే ఏలాడతంది. రేడియేటర్‌లోకి నీళ్ళకి బదులు గాలి పోనాది."

"నానే కడిగేసినాను," అంది అత్త మెల్లగా. "మొన్న. పాచి పట్టేసిందనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకెందుకత్తా బండి సంగతి? నా కేకులంటేనే మీకు కిట్టదు." ఆమె ఏనాడూ కేకు అనలేదు, రొట్టె అనేది.

"పెళ్ళోరు సూత్తారు గదే. కేకు తెచ్చిన బండిలో పాచి నీళ్ళేటని నిన్నెవులూ అనకూడదని..." అంది అత్త.

కేకు అంది, రొట్టె అనలేదు.

సామ్యేలు గొట్టాన్ని సీసాలో పెట్టాడు. "రేడియేటర్ మూత ఇప్పుడు తీత్తే మొహం కాలిపోద్ది. సల్లారాలంటే అరగంట. నీళ్ళు మరీ తగ్గలేదనుకుంటాను. హీటర్ ఫుల్లుగా పెట్టుకుంటే ఇంజను వేడి మన మీదకొచ్చేత్తాది. మెల్లగా పోవచ్చు."

మే నెల. వెనక వెన్న క్రీము. టైము పది దాటింది. భయంతోనే హీటరు మర నేనే తిప్పాను. "పోనీండి," అన్నాను.

వేడిగాలి మొహానికి కొట్టింది. అత్త కొంగును ఐస్ నీళ్ళలో తడిపి పెట్టె చుట్టూ కప్పింది, పాటల పుస్తకంతో విసురుతూనే ఉంది. తన చెమట తుడుచుకోలేదు. నేను సూదిని చూశాను, కేకు పెట్టెను చూశాను, మళ్ళీ సూదిని చూశాను. సూది దిగింది. పెట్టెలో ఏదో పక్కకు జారిన చప్పుడైంది.

చర్చి వెనక గదిలో పెట్టె తెరిస్తే ఒక వైపు గులాబీలన్నీ కిందికొచ్చేసి ఉన్నాయి. ఐస్ డబ్బాలో ఉన్నది ఆకుల కోసం కలిపిన పచ్చ క్రీమొక్కటే. ఆ జారిన పక్కంతా పైనుంచి కిందిదాకా తీగ అల్లాను. అత్త విసురుతూనే ఉంది. అంతలో పెళ్ళికూతురి తల్లి వచ్చి కేకు చుట్టూ తిరిగింది.

"ఈ తీగ భలేగుంది. మా రెండో పిల్లకీ ఇలాగే సెయ్యాలమ్మా," అని వెళ్ళిపోయింది.

నేను కుర్చీలో కూలబడ్డాను. అత్త కేకు మీదికి వంగి చూసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఈ పచ్చది మాత్రం నాను ముట్టుకోనే," అంది.