శనివారం వచ్చే నల్లరాయి

ఫోనులో ఆ వీడియో చూసినప్పటి నుంచి బేబికి ముద్ద దిగడం లేదు. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే రాయట, బొగ్గులా నల్లనిదట, జిల్లా అంత ఉంటుందట. శనివారం వచ్చి భూమిని గుద్దుతుందట. నిజం నిలకడ మీద గాని తెలియదు. భయానికి అంత ఓపిక ఎక్కడిది?

ఆడపడుచు ఆశాజ్యోతి హైస్కూల్లో సైన్స్ టీచరు. "రాయి ఉన్న మాట నిజమే వదినా. దాని దారిన అది తిరుగుతుంది, మన వైపు రాదు" అంది.

"అంత నల్లగా ఉంటే కనబడదు కదే! వచ్చేది నీకెలా తెలుస్తుంది?" అంది బేబి.

చచ్చిపోతానని కాదు ఆమె భయం. మొగుడు అబ్రహాము ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. వాళ్ల సంఘంలో నీళ్లలో నిండా మునిగితేనే బాప్తిస్మం. ఆయనేమో చిన్నప్పుడు కాలువలో పడి బతికినవాడు, నీళ్లంటే హడలు. ఏటేటా వాయిదా వేస్తూ వచ్చాడు. ఇప్పుడు లోకం ముగిసిపోతే తనొక్కతే పరలోకానికి, ఆయన ఇంకెక్కడికో. ఇన్నేళ్లు కాపురం చేసి అక్కడ విడిపోవడమా?

ఎండాకాలం, కాలువలు కట్టేశారు. "నీళ్లు వదిలాక బాప్తిస్మం ఇద్దాంలేమ్మా" అన్నారు పాస్టరుగారు. శనివారం ఆగుతుందా? ఆ శనివారం పొద్దున్నే మొగుణ్ణి గోదావరికి లాక్కెళ్లింది.

"పాస్టరుగారు లేకుండా చెల్లుతుందంటావా?" అన్నాడు అబ్రహాము, నడుం లోతు నీళ్లలో వణుకుతూ.

"దేవుడు చూస్తాడండీ. ఒక్కసారి మునగండి."

"సరేలే, నీ భయం తీరితే అంతే చాలు."

బేబి కళ్లు మూసుకుని, ప్రార్థన చేస్తూ, ఆయన తల పట్టి ముంచింది. పక్కనే ఇసుక తవ్వేసిన గొయ్యి ఉందని ఇద్దరికీ తెలియదు. ఆయన కాళ్ల కింద ఇసుక జారిపోయింది. ఆమె కళ్లు తెరిచేసరికి చేతిలో ఆయన మెడ మీది తువ్వాలే మిగిలింది. గొంతు చించుకుని అరిచింది. ఆకాశం కేసి ఒక్కసారైనా చూడలేదు. ఆ గోతిలో నీళ్లే నల్లగా ఉన్నాయి.

వల వేస్తున్నవాళ్లు పడవ తిప్పి, దూకి, జుట్టు పట్టి లాగారు. గట్టున పడుకోబెట్టి ఒత్తితే అబ్రహాము నీళ్లు కక్కాడు. కాసేపటికి కళ్లు తెరిచి, పెళ్లాం చెయ్యి వెతుక్కున్నాడు.

"అయిపోయిందా, బేబీ? ఇప్పుడు నేనూ నీతో రావచ్చా?"

ఆయన తలను ముంచిన తన చేతుల వంక చూసుకుని బేబి బావురుమంది.

"ఎక్కడికీ వద్దండీ. ఇంటికి పోదాం."