ఏడో ఫిరంగికి పెద్ద

ఏడో ఫిరంగికి పెద్దగా క్రిస్పిన్ పేరు చదివినప్పటి నుంచీ సైలస్‌కి తిండి సయించడం లేదు. ఆ ఫిరంగి దగ్గర ఏళ్ళ తరబడి చాకిరీ చేసింది తను. క్రిస్పిన్ నిన్నగాక మొన్న వేరే ఓడ నుంచి వచ్చినవాడు. పైగా మంచివాడు. సైలస్‌ని ఎక్కువ మండించేది అదే. తిట్టుకోవడానికి ఒక్క వంకైనా దొరకనివ్వడు.

ఫ్రెంచివాళ్ళ రేవు బయట సైలస్ వాళ్ళ ఇంగ్లీషు యుద్ధనౌక కాపలా తిరుగుతున్న రోజులవి. ఆ ఉదయం నిజం తుపాకిమందుతోనే ఫిరంగి సాధన అన్నారు. సాధనలో ఫిరంగి పెద్ద తప్ప ఇంకెవరూ నోరు విప్పకూడదు. విప్పితే కొరడా దెబ్బలే.

మొదటి గుండు పేలింది. సైలస్ తడి బొచ్చుకర్రతో గొట్టం లోపల తుడిచాడు. కొత్త మందు సంచీ పెట్టారు. ఇక దాన్ని కర్రతో దట్టించాలి. దట్టిస్తున్నంతసేపూ వెనకవైపు నిప్పు పెట్టే చిల్లుని ఫిరంగి పెద్ద బొటనవేలితో మూసి ఉంచాలి. గాలి జొరబడితే లోపల మిగిలిన రవ్వ రాజుకుని దట్టించేవాడి చేతులు ఎగిరిపోతాయి.

సైలస్ అలవాటుగా వెనక్కి చూశాడు. క్రిస్పిన్ వేలు చిల్లు మీద లేదు. పక్క ఫిరంగివాళ్ళు ఎంతదాకా వచ్చారా అని అటు చూస్తున్నాడు.

సైలస్‌కి భయం కంటే ముందు సంతోషం వచ్చింది. దొరికాడు. మాట్లాడకూడదు గనక మాట్లాడలేదు. దట్టించకుండా కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పక్కవన్నీ పేలాయి. ఏడోది మూగగా ఉండిపోయింది.

లెఫ్టినెంట్ వచ్చి ఎందుకు ఆగిందని అడిగాడు. జవాబు సైలస్ నాలుక చివరే ఉంది.

"తప్పు నాది దొరా," అన్నాడు క్రిస్పిన్, అతనికంటే ముందే. "చిల్లు మూయడం మరిచాను. సైలసన్న ఆగబట్టి సరిపోయింది."

తప్పు దాచేవాణ్ణయితే ఈ క్షణమే తీసేసేవాణ్ణని, ఒప్పుకున్నవాడు మళ్ళీ మరిచిపోడని అన్నాడు లెఫ్టినెంట్. మళ్ళీ మొదలెట్టమని చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రమ్ము పోసే వేళకి క్రిస్పిన్ తన కప్పు తెచ్చి సైలస్ ముందు పెట్టాడు. పెద్ద మేలు చేసినవాడికి తన వంతు ఇచ్చెయ్యడం ఓడలో ఆనవాయితీ. వద్దంటే పగ ఉందని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చాటినట్టే.

"తాగన్నా. ఇవాళ నన్ను నిలబెట్టావు."

"నేనా?"

"మరి? దొర అడగ్గానే నువ్వు చెప్పేసుంటే నా పని అయిపోయేది."

"ఏంటా మొహం, ఆముదం పోశాడా?" అని ఎవడో నవ్వాడు.

సైలస్ కప్పు ఎత్తి తాగాడు. తాగుతూ క్రిస్పిన్ మొహంలో వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికాడు. లేదు. ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.