ఆమె అనని మాట

గుండిగలో రాగిసంగటి కెలుకుతుండగా ఆవిరి తగిలి వసంతమ్మ మణికట్టు కాలింది. పక్కన నీళ్ళు పోస్తున్న పిల్ల కెవ్వుమంటేగాని ఆమెకు ఆ సంగతి తెలియలేదు. చూసుకుంటే చర్మం ఎర్రగా కమిలి ఉంది. చెయ్యి తొట్టి నీళ్ళలో ముంచి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ తెడ్డు అందుకుంది. ఇలాంటివి ఆలస్యంగా తెలియడం ఆమెకు మామూలైపోయింది. కూరలో ఉప్పు లేదని పిల్లలు ముఖాలు చిట్లిస్తే తెలిసేది. వాన మొదలైందని ఎవరో పరిగెత్తి ఆరేసిన బట్టలు తీస్తుంటే తెలిసేది. మధ్యలో ఒక దుప్పటి అడ్డం ఉన్నట్టు, అవతలి నుంచి లోకం ఆమెను మెల్లగా తాకి పోతుండేది.

చిత్తూరులోని ఆ మిషన్ ఆడపిల్లల బోర్డింగు స్కూల్లో వసంతమ్మకు ఉద్యోగమంటూ ఏమీ లేదు. ఆమె భర్త ప్రేమానందం అక్కడ బైబిలు పాఠాలు చెప్పేవాడు. పిల్లలందరికీ ఆయన అయ్యగారు. అయ్యగారి భార్య గనుక వంటింటి తాళాలు ఆమె నడుముకు వచ్చాయి. యుద్ధం ముగిసినా బియ్యం రేషన్లోనే ఉన్నాయి కాబట్టి పొద్దున్నే సంగటి, మధ్యాహ్నం కొర్రన్నం వండించడం, పేలు చూడడం, కొత్తగా పెద్దమనిషి అయిన పిల్లలకు గుడ్డ మడిచి ఎలా పెట్టుకోవాలో చెప్పడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, అన్నీ ఆమెవే. ఆమె కూడా ఆ స్కూల్లోనే చదువుకుంది. అప్పట్లో పిల్లల క్రైస్తవ సహవాసంలో హార్మోనియం వాయించేది. టీచరు ట్రైనింగుకు నెల్లూరు పంపుదామని బడి నడిపే దొరసాని మిస్సమ్మ అనుకుంటుండగానే ప్రేమానందం సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక ఒకసారి ఆ ట్రైనింగు మాట ఎత్తితే ఆయన నవ్వి, ఇద్దరమూ సేవకు బయల్దేరితే ఇల్లెవరు చూస్తారు వసంతా, నా సేవలో సగం నీదే గదా అన్నాడు. మంచి మాటే అనుకుంది. సగం అంటే ఏ సగమో అప్పుడు అడగాలని తోచలేదు.

సహవాసం శుక్రవారం సాయంత్రాలు కూడేది. బడి వెనక చింతచెట్ల కింద చాపలు పరిచి పిల్లలు గుండ్రంగా కూర్చునేవాళ్ళు. పాటలయ్యాక ఒక్కొక్కరూ ఒక బైబిలు వాక్యం చెప్పాలి. చిన్నవాళ్ళు అన్నిటికంటే పొట్టి వాక్యాన్ని ముందే ఎంచుకుని, పక్కపిల్ల దాన్ని చెప్పేస్తే ఏడుపు మొహం పెట్టేవాళ్ళు. ప్రార్థన అయిందంటే ఆటలు, నాటకాలు, జడలు మార్చి మార్చి వేసుకోవడాలు. సత్యవేడు పిల్లలు సగం అరవంలో నవ్వుకుంటే ఐరాల పిల్లలకు కోపమొచ్చేది. ఇంటి నుంచి ట్రంకు పెట్టె తెచ్చుకున్న పిల్లలు ఒకవైపు, మిషన్ ఇచ్చిన గుడ్డసంచీ పిల్లలు ఒకవైపు కూర్చోవడం మాత్రం ఏ పాటకూ మారలేదు. వసంతమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని చెనక్కాయలు వేయిస్తూ ఇదంతా చూసేది. ఒకప్పుడు ఆ గుండ్రంలో తానూ ఉన్నానని ఆమెకు తెలుసు. తెలుసంతే.

ఆ ఏడు డిసెంబరులో సహవాసం వార్షిక సభ చిత్తూరులోనే పెట్టారు. తిరుపతి నుంచీ గూడూరు నుంచీ పిల్లలు వస్తారు, ఇద్దరు ముగ్గురు మిస్సమ్మలు వస్తారు. ప్రేమానందాన్ని పాస్టరుగా అభిషేకించే మాట కూడా ఆ రోజుల్లోనే నడుస్తోంది. సహవాసానికి కార్యదర్శి పంకజాక్షి అనే సత్యవేడు పిల్ల. చురుకైనది, ఏ పనైనా పరుగు మీద చేసేది. ఆ పిల్ల ఒకనాడు వంటింట్లోకి వచ్చి, సభలో వసంతమ్మక్క తన విశ్వాసానికి సాక్ష్యం చెప్పాలని, అయ్యగారు అప్పుడే ఒప్పుకున్నారని చెప్పింది. వసంతమ్మ ఒప్పుకుందో లేదో ఎవరూ అడగలేదు, తనను అడగలేదన్న సంగతి ఆమె కూడా పట్టించుకోలేదు.

ఏ సాక్ష్యమో చెప్పక్కర్లేదు. ఆ జిల్లాలో ప్రేమానందం ప్రసంగం విన్నవాళ్ళందరికీ అది తెలుసు. నాలుగేళ్ళ కిందట బోర్డింగులో పిల్లలకు తట్టు పోసింది. వసంతమ్మ రోగుల గదిలోనే మకాం పెట్టి వాళ్ళను చూసుకుంది. అప్పుడే ఇంట్లో, నాయనమ్మ దగ్గరున్న ఆమె రెండేళ్ళ కూతురు సలోమికి కూడా అదే జబ్బు వచ్చి, ఆ బిడ్డ చనిపోయింది. ప్రేమానందం దీన్ని ప్రసంగంలో చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. "నేను ఆ గది గుమ్మములో నిలిచి, వసంతా, నీ బిడ్డ నిన్ను పిలుచుచున్నది అన్నాను. ఆమె నా వైపు చూచి ఏమన్నదో తెలుసా? దేవుని గొర్రెపిల్లలను విడిచి నా గొర్రెపిల్ల యొద్దకు నేను రాను అన్నది." ఇక్కడ ఆగేవాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తర్వాత అందరూ వెనక్కి తిరిగి వసంతమ్మను చూసేవాళ్ళు. ఆమె తల వంచుకునేది. వినగా వినగా ఆమెకూ ఆ మాట నోటికి వచ్చేసింది.

పంకజాక్షి వెళ్ళబోతూ ఆగింది. "ఆ మాట అనేటప్పుడు మీకు లోపల ఎట్లుండె అక్కా? నాకైతే మా తమ్ముడికి జరమంటేనే అన్నం దిగదు."

గుచ్చాలని అడిగిన మాట కాదు, పిల్ల నిజంగా తెలుసుకుందామని అడిగింది. వసంతమ్మ జవాబు చెబుదామని ఆ రోజులోకి వెళ్ళింది. గది గుర్తుంది. వేపమండల వాసన, వరసగా చాపలు, నీళ్ళకోసం మూలిగే పిల్లలు గుర్తున్నారు. గుమ్మంలో ప్రేమానందం నిలబడ్డం గుర్తుంది. తన నోట్లోంచి ఆ మాట రావడం మాత్రం ఎక్కడా దొరకలేదు. అన్నాననే ఇన్నాళ్ళూ అనుకుంది. అంతమంది నమ్మిన మాట తాను అనకుండా ఎలా ఉంటుంది? కానీ "యొద్దకు" అన్న మాట ప్రార్థనలో తప్ప తన జన్మలో వాడినట్టు లేదు. ఏమో పంకజా, గుర్తు లేదు అంది. ఆ పిల్ల తప్పు చేసినదానిలా వెళ్ళిపోయింది.

సభకు ముందు రెండు మూడు రోజులు ప్రేమానందం ఆమెకు సాక్ష్యం నేర్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ ఆగాలి. కన్నీళ్ళు వస్తే రానీ, రాకపోతే పర్వాలేదు, ధైర్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది అన్నాడు. ఆమె అలాగే అని తలూపింది. మధ్యలో ఒకసారి, ఆ పొద్దు నేనేమన్నానో మీకు బాగా గుర్తుందా అని అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నాను గదా అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పెరట్లో అత్త అక్కమ్మ దగ్గర కూర్చుంది. అక్కమ్మ కోడలితో సూటిగా మాట్లాడటం ఎప్పుడో మానేసింది. కావలసినవి గోడకు చెప్పినట్టు చెప్పేది. బిడ్డ పోయిన దుఃఖం ముసలామెకు అలా ముదిరిందని వసంతమ్మ అనుకునేది.

"అత్తా, సలోమికి జరం వచ్చినప్పుడు నన్ను పిలుచుకోని రమ్మని ఎవురైనా వచ్చినారా?"

చెనక్కాయలు ఒలుస్తున్న అక్కమ్మ చేతులు ఆగాయి. "ఎవురైనా ఏంది? నేనే మీ ఆయన్ని పంపిస్తి. ఒకసారి గాదు, పోతానే ఉన్న్యాడు, వస్తానే ఉన్న్యాడు. వచ్చినప్పుడల్లా నువ్వు రానంటా ఉండావని సెప్పె."

"నాకాడికొచ్చి పాప బాగుండాది, నిద్దరపోతా ఉండాదని చెప్పినారు. ఇంట్లో అమ్మ ఉండాది గదా, ఈ పిల్లలకెవురుండారు అన్న్యారు. అంతే అత్తా."

అక్కమ్మ కోడలి మొహంలోకి చూసింది. "అట్లయితే నువ్వు రానని అనలా?"

"అనలేదు." నోటితో చెప్పాకే ఆమెకు అది నిజమని తెలిసింది.

"నాలుగేండ్లు," అంది అక్కమ్మ. "నీ మొకం సూస్తే నాకు ఒళ్ళు మండేది మే. కన్నతల్లివి, ఇంత రాతిగుండె యాడ తెచ్చుకుంటివా అనుకుంటి." చేటలోని పొట్టును అటూ ఇటూ నెడుతూ కూర్చుంది. వసంతమ్మకు కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. లేచి పిల్లల అన్నాలకు వెళ్ళింది.

సభరోజు ఉదయం హాలు నిండిపోయింది. గూడూరు పిల్లలు ఒక పాట, తిరుపతి పిల్లలు ఒక పాట పాడారు. ముందువరసలో మిస్సమ్మలు, పక్కన ప్రేమానందం. వెనక గోడవార చాప మీద వంటవాళ్ళతో అక్కమ్మ కూర్చుంది. వసంతమ్మ లేచి నిలబడి నేర్చుకున్నది నేర్చుకున్నట్టే మొదలుపెట్టింది. తట్టు సంగతి, రోగుల గది సంగతి చెప్పింది. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించింది. ప్రేమానందం బాగుందన్నట్టు తలాడిస్తున్నాడు. గుమ్మం దాకా వచ్చి ఆమె ఆగింది. అక్కడ ఆగమని ఆయనే చెప్పాడు గనుక ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆగినది ఆగినట్టే ఉండేసరికి పిల్లలు తలలెత్తారు.

"ఈడ నేనొక మాట అన్న్యానని మీరంతా ఇన్న్యారు," అంది. నేర్చుకున్న భాష పోయి ఇంటిభాష వచ్చింది. "ఆ మాట నేను అనలేదు. బిడ్డకు అంత జబ్బుగా ఉండాదని నాకెవురూ చెప్పలేదు. చెప్పింటే పరిగెత్తి పొయ్యింటాను. ఈ పిల్లల్ని ఇడ్సిపెట్టి పొయ్యింటాను."

ప్రేమానందం లేచి, దుఃఖం వల్ల నా భార్య జ్ఞాపకం చెదిరింది, మీరందరూ ఆమె కొరకు ప్రార్థించాలి అని మెత్తగా అన్నాడు. వెనకనుంచి అక్కమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"సెదరలేదు నాయనా," అంది కొడుకుతో. "నిన్ను పంపించింది నేనే గదా. నువ్వొచ్చి నాకేం సెప్తివో నాకు గుర్తుండాది."

ఆయన కూర్చున్నాడు. తర్వాత పాట పాడాలి. హార్మోనియం దగ్గరున్న పిల్ల పంకజాక్షి వైపు చూసింది. పంకజాక్షి పాట మొదలెట్టమనలేదు. వచ్చి వసంతమ్మ పక్కన ఊరికే నిలబడింది. కాసేపటికి పెద్ద మిస్సమ్మ, తెలుగు ఒక్కో మాటే అర్థం చేసుకునే మనిషి, సభ ముగిసిందని చెప్పింది.

ఇంటికొచ్చాక ప్రేమానందం అరవలేదు. కుర్చీలో కూర్చున్నాడు. జబ్బు తగ్గుతుందనే అనుకున్నానని, మిస్సమ్మ అంతమంది పిల్లల్ని తన చేతుల్లో పెట్టిందని, చెబితే ఆమె నిలవదని భయపడ్డానని చెప్పాడు. "ఆ మాట నువ్వన్నావని అనుకోకపోతే నేను బతికేవాణ్ణి కాదు వసంతా." ఆయన ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమేనని ఆమెకు తెలుసు. ఆయన తల మీద చెయ్యి వెయ్యాలని కూడా తోచింది. చెయ్యి లేవలేదు.

"ఇంక మీరు ఏడా ఆ బిడ్డ కత చెప్పొద్దండి," అంది.

ఆ ఏడు అభిషేకం జరగలేదు. ఎందుకని ఎవరూ బయటికి అనలేదు. పెద్ద మిస్సమ్మ వసంతమ్మను పిలిపించి, నీకేం కావాలని అడిగింది. అలా అడిగినవాళ్ళు అంతవరకూ లేరు గనుక ఆమె చప్పున చెప్పలేకపోయింది. ఆలోచించి, ఇకమీదట పిల్లలకు జబ్బు చేస్తే ఆస్పత్రి నుంచి నర్సును పిలిపించమంది. ఆ రోగుల గదిలోకి తాను ఇక రానంది.

క్రిస్మస్ సెలవులకు పిల్లలు ఊళ్ళకు పోయారు. ఒక మధ్యాహ్నం వసంతమ్మ అక్కమ్మను తీసుకుని సమాధుల తోటకు వెళ్ళింది. ఏటా భర్తతో అక్కడికి వచ్చేది. ఆయన గట్టిగా ప్రార్థన చేస్తుంటే పక్కన నిలబడేది. ఇప్పుడు ప్రార్థన చేసేవాళ్ళు లేరు. ఇద్దరూ చిన్న సమాధి పక్కన గడ్డిలో చతికిలబడ్డారు. ఎండ వెచ్చగా ఉంది. బిడ్డ పోయేటప్పుడు ఎలా ఉందో, ఏం తాగిందో, ఎవరి ఒడిలో ఉందో తనకు ఈనాటికీ తెలియదని వసంతమ్మకు అప్పుడు తోచింది. ఊరంతా తెలిసిన కథలో అవేవీ లేవు.

"ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పత్తా," అంది. "నాకోసరం అడిగిందా?"

అక్కమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంది. "అడగలేదంటే నీకు నెమ్మదిగా ఉంటాదేమో అని దావంతా అనుకుంటా వచ్చినా."

వసంతమ్మకు లోపల ఎక్కడో, చాలా రోజులకు, నొప్పిలాంటిది కదిలింది. ఆమె జరిగి అత్త మోకాలిని పట్టుకుంది.

"జరిగింది జరిగినట్టే చెప్పు," అంది. "ఒక్క మాట గూడా దిద్దొద్దు."