ముందు నువ్వు చూడు

"పాలు విరిగాయేమో, ముందు నువ్వు తాగి చూడమ్మా," అంటూ అత్తయ్య గ్లాసు అందించారు. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో నాలుకంటూ ఉన్నది నా ఒక్కదానికే. నిన్నటి కూర పులిసిందా, స్నానానికి నీళ్లు మరీ కాగాయా, అన్నీ ముందు నా మీదే. తాగాను. బాగానే ఉన్నాయి. మిగతావి కాచి ఆవిడ కొడుక్కి పట్టుకెళ్లాను.

ఆయనకి స్నేహితుడెవరో ఏదో సాఫ్ట్‌వేర్ పంపాడట. బ్రౌజర్‌కి తగిలిస్తే పాస్‌వర్డులన్నీ అదే గుర్తుపెట్టుకుంటుందట.

"ముందు నీ లాప్‌టాప్‌లో వేసి చూడు."

"రేపు ఇవ్వాల్సిన రిపోర్టు అందులోనే ఉందండీ. మూడు నెలల పని."

"నా దాంట్లో ఆఫీసు ఫైళ్లున్నాయ్. పోతే నీదే కదా పోయేది!"

ఒళ్లు మండిపోయింది. అనుమానపు సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడమే నా ఉద్యోగమని ఈ మనిషికి ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! అడిగినవాళ్లకి మాత్రం "ఏదో కంప్యూటర్ పని" అంటారు. మా ఆఫీసులో ఏ దొంగ ఫైలునీ ఎవరి అసలు మెషీన్ మీదా తెరవం. లాప్‌టాప్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్, అందులో ఒక ఖాళీ బ్రౌజర్. మన ఫైళ్లు దాని కంటపడవు. పనయ్యాక మొత్తం తుడిచేస్తాం. అదే తెరిచాను. అందులోంచి నా ఫైళ్లకి దారి లేదని రెండుసార్లు సరిచూసుకున్నాను.

"ఒక్క క్లిక్కుకి ఇంత తతంగమా?" వెనక నిలబడి ఆయన సణుగుడు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించి, బయటికి ఏం పోతుందో చూపించే విండో పక్కన పెట్టాను. ఉత్తుత్తి పాస్‌వర్డు కొట్టబోతుంటే కీబోర్డు లాక్కున్నారు. "నా బ్యాంకుది కొడతా. అసలుది కొడితేనే కదా తెలిసేది!"

కొట్టనీ, తెలిసొస్తుంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ చెయ్యి పట్టుకుని ఆపాను. పెళ్లయ్యాక ఆయన్ని అలా ఆపడం అదే మొదలు.

నా ఉత్తుత్తిదే కొట్టాను. రెండు సెకన్లు. ఆ అక్షరాలే, ఉన్నవి ఉన్నట్టు, ముక్కూమొహం తెలియని ఏదో చిరునామాకి పోతూ పక్క విండోలో కనిపించాయి.

ఆయన మొహం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, "హమ్మయ్య! ముందు నీ దాంట్లో వేయమన్నది ఎంత మంచిదైందో చూశావా?" అన్నారు.

ఉత్తుత్తి కంప్యూటర్‌ని తుడిచేశాను. నా రిపోర్టు చెక్కుచెదరలేదు.

పొద్దున్నే అత్తయ్య మళ్లీ గ్లాసు చాచారు. "నిన్నటి పాలమ్మా, చూడు."

నేను బ్యాగు భుజాన వేసుకున్నాను. "మీ అబ్బాయి లేచే ఉన్నారు అత్తయ్యా. ముందు ఆయన్ని తాగి చూడమనండి. బాగుంటే నాకో గ్లాసు ఉంచండి."