ఫోన్లకు స్నానం

ఊళ్లో ఫోన్లన్నీ మూగబోయి అది రెండో రోజు. ఫోన్ కంపెనీ ఆఫీసు షట్టరు పూర్తిగా లేవకముందే జనం నడుములు వంచి లోపలికి దూరారు. నిలబడేందుకు కూడా చోటు లేని హాల్లో ఒకరి చెమట ఒకరికి అంటుకుంటోంది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒక్కటీ పలకడం లేదు.

కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయిని ఆఫీసులో చిలక అంటారు. ఏ మాట చెప్పమంటే ఆ మాట, ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు, తీపి తగ్గకుండా చెబుతుంది. కంపెనీ నీ గొంతుకే జీతమిస్తోందని మేనేజరు అంటుంటాడు. ఆ మాటను ఆమె పొగడ్తగానే తీసుకుంది.

జరిగింది చిన్న సంగతే. ఊరి బయట రోడ్డు తవ్వుతున్న యంత్రం భూమిలో ఉన్న పెద్ద కేబుల్‌ను తెంపేసింది. అన్ని కంపెనీల లైన్లూ దాని మీదే నడుస్తాయి కాబట్టి అన్నీ ఒకేసారి పడిపోయాయి. కానీ ఆ సంగతి కస్టమర్లకు చెప్పకూడదని పైనుంచి ఆర్డరు. తెగిందని చెబితే ఎప్పుడు అతుకుతుందని అడుగుతారు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. అందుకని కంపెనీ ఒక పద్ధతి కనిపెట్టింది. మీ సిమ్ము పాతబడింది, శుభ్రం చేసి ఇస్తామని చెప్పి ఫోను తీసుకోవాలి. దాన్ని ఆపి, సిమ్ము బయటికి లాగి, తెల్లగుడ్డతో తుడిచి, రెండూ ట్రేలో పెట్టి చేతికి టోకెన్ ఇవ్వాలి. కేబుల్ అతికిన తర్వాత ఎవరి ఫోను వాళ్లకు ఇచ్చేస్తే, సిమ్ము తుడవడం వల్లే బాగుపడిందనుకుని దండం పెట్టి వెళ్లిపోతారు. కేబుల్ అతికేది ఎవరో, బాగు చేశామన్న పేరు మాత్రం తమది. స్టాఫు దీన్ని స్నానం చేయించడం అనేవారు.

ఇందులో మరో నియమం ఉంది. ఫోను ట్రేలో ఉండగా వచ్చి తప్పిపోయిన కాల్స్ తాలూకు మెసేజీలు, ఫోను ఆన్ చేయగానే వరసగా దిగుతాయి. వాటిని తుడిచేశాకే ఇవ్వాలి. లేకపోతే లైను ఎప్పుడో వచ్చిందనీ, తమ ఫోనే ట్రేలో పడి ఉందనీ కస్టమరుకు తెలిసిపోతుంది. కిందటిసారి ఒక గుమాస్తా తుడవడం మరిచిపోయాడు. ఆ మెసేజీని ఒక పెద్దమనిషి హాల్లో అందరికీ పైకి చదివి వినిపించాడు. అద్దాల తలుపు పగిలింది, సాయంత్రానికి గుమాస్తా ఉద్యోగం పోయింది. ఇప్పుడు చిలక కూర్చున్నది అతని కుర్చీలోనే.

పొద్దున్నుంచీ స్నానాలు జోరుగా సాగుతున్నాయి. వరసలో ముందున్న పెద్దావిడ, ఇన్నాళ్లూ అల్లుడు ఫోన్ చేయడం లేదని కుమిలిపోయేదాన్ననీ, ఇప్పుడు తప్పు సిగ్నల్‌దని తెలిసి మనసు కుదుటపడిందనీ అంది. ఆవిడ వెనకున్న కిరాణా కొట్టాయన, కిందటి నెల కూడా సిగ్నల్ లేదేమో కనుక్కోమన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వుల మధ్యలోంచి ఒక మనిషి వరసను తోసుకుని నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

టైలరు. మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి వచ్చినట్టున్నాడు. చేతిలో బటన్ల ఫోను, దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతు తగ్గించి తన సంగతి చెప్పుకొచ్చాడు. భార్యకు రెండు కిడ్నీలూ పోయాయి. రెండేళ్లుగా మెషీను మీద బతుకుతోంది. ఇప్పుడు కూడా ఎదురు బిల్డింగు కింద, నేలమాళిగలో ఉన్న డయాలసిస్ సెంటరులో పడుకుని ఉంది. నగరంలోని పెద్దాసుపత్రిలో ఆమె పేరు నమోదు చేయించారు. మొన్న వాళ్లే ఫోన్ చేసి, ఒక కిడ్నీ దొరికేలా ఉంది, బట్టలు సర్దుకుని సిద్ధంగా ఉండండి, ఏ క్షణమైనా చేస్తాం, చేసిన గంటలోపు మీరు పలకకపోతే తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది అన్నారు. మీరు మాకు చేయొద్దు, లైను మాత్రం ఖాళీగా ఉంచండి అని కూడా చెప్పారట. మర్నాటికే ఊళ్లో ఫోన్లు పోయాయి. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే.

"నాకు ఒక్క నిజం చెప్పు తల్లీ" అన్నాడు. "లైను ఇవాళ రాదంటే చెప్పెయ్. ఆవిణ్ణి మెషీను మీంచి లేపి, బస్సెక్కించి, ఆ ఆసుపత్రి గుమ్మంలోనే కూర్చుంటాను."

చిలక మేనేజరు వైపు చూసింది. అతను కళ్లజోడు తుడుచుకుంటూ ఆమెనే చూస్తున్నాడు.

"లైనుకేం, బ్రహ్మాండంగా ఉంది బాబాయ్" అంది. కస్టమర్లను సార్ అనాలని కంపెనీ రూలు. అబద్ధం కాస్త పెద్దదైనప్పుడు మాత్రం ఆమె బాబాయ్ అంటుంది. "మీ సిమ్మే పాతబడింది. ఇలా ఇవ్వండి."

టైలరు ఫోనును గుండెకు అదుముకున్నాడు. ఇవ్వనన్నాడు. సిమ్ము శుభ్రం చేయించకుండా వదిలేస్తే నంబరే మూతపడిపోవచ్చని ఆమె మెత్తగా బెదిరించింది. దాంతో అతని ఓపిక తెగిపోయింది.

"ఊరందరి సిమ్ములూ ఒకే పూట పాతబడ్డాయా? పొద్దున్నే ఏం తినొచ్చావమ్మా, గడ్డా?"

హాలు గొల్లుమంది. మరో మేత మోపు తెప్పించమని వెనకనుంచి ఎవరో అందించారు. చిలక చెవులు ఎర్రబడ్డాయి, పెదవుల మీద నవ్వు మాత్రం చెదరలేదు. నంబరు మూతపడుతుందన్న మాట టైలరు గుండెల్లో దిగబడిపోయింది కాబోలు, నవ్వులు ఆగేసరికి ఫోను కౌంటరు మీద పెట్టేశాడు. ఆమె దాన్ని ఆపింది, సిమ్ము లాగింది, తుడిచింది. ట్రేలో పెట్టబోయి ఆగి, మిగతా ఫోన్లన్నీ పైకెత్తి దాన్ని అడుక్కి తోసింది. గడ్డి తినేదాని చేతిలో పని ఇలాగే ఉంటుంది మరి అనుకుంది. కడుపులో చల్లగా అనిపించింది.

ఎండ ముదిరే వేళకు సొరుగులో ఉన్న ఆమె సొంత ఫోను గుర్రుమంది. లైను వచ్చింది. మేనేజరు పెదవుల మీద వేలు పెట్టి, బయటి ఫోన్ల మోత లోపలికి వినబడకుండా, ఏసీ చల్లదనం పోతోందంటూ తలుపులు వేయించాడు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఏసీ మీద ఆయనకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. హడావిడి పడొద్దనీ, స్నానం నిదానంగా జరిగినట్టు కనిపించాలనీ చిలక చెవిలో చెప్పి వెళ్లాడు.

ఒక్కొక్క ఫోనే బయటికి వస్తోంది. సిమ్ము పెట్టడం, ఆన్ చేయడం, దిగిన మెసేజీలు తుడవడం, నవ్వుతూ అందించడం. ఆమె నోటికి తీపి మాట ఎంత అలవాటో, బొటనవేలికి ఆ పనీ అంతే అలవాటు. ఫోను అందుకున్నవాళ్లు హలో హలో అంటూ సంబరపడుతున్నారు. పెద్దావిడ అక్కడికక్కడే అల్లుడికి ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. మళ్లీ తుడవాల్సింది ఫోనును కాదు, అల్లుణ్ణన్నాడు కిరాణా కొట్టాయన.

టైలరు మళ్లీ కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఈసారి వరసను తోసుకోలేదు, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. పొద్దున్న నోరు జారిందనీ, రాత్రంతా నిద్ర లేదనీ, మనసులో పెట్టుకోవద్దనీ అన్నాడు. ఇంటి దగ్గర ఆమె వయసు కూతురే ఉందన్నాడు.

"అయ్యో, అవన్నీ ఎందుకు పెట్టుకుంటాను బాబాయ్" అంది చిలక. చెయ్యి మాత్రం అడుగునున్న ఫోను దాటి పక్కదాన్ని అందుకుంది.

అలా అందరివీ అయ్యాయి. హాలు పల్చబడింది. చివరికి బటన్ల ఫోను మిగిలింది. సిమ్ము పెట్టి ఆన్ చేసింది. మెసేజీ దిగింది, తుడిచింది. ఇంకోటి, ఇంకోటి. బొటనవేలు దాని దారిన అది పోతోంది. నాలుగోది కంపెనీది కాదు. ఆమె కళ్లు చదువుతున్నాయి, వేలు నొక్కేసింది. కిడ్నీ సిద్ధంగా ఉంది, ఎన్నిసార్లు చేసినా మీ ఫోను ఆఫ్‌లో ఉంది, గంటలోపు చేయకపోతే తర్వాతి పేషెంటును పిలుస్తాం. అర్థం బుర్రకెక్కేసరికి తెర మీద ఏమీ లేదు.

గోడ గడియారం చూసింది. మెసేజీ మీదున్న టైము గుర్తుంది. ఇంకా పావుగంట మిగిలి ఉంది.

చెప్పడానికి ఒక్క మాట చాలు. వెంటనే ఆసుపత్రికి చెయ్యండి బాబాయ్, అంతే. కానీ ఆ మాట తర్వాత అతను అడిగే మాట కూడా ఆమెకు తెలుసు. ఎప్పుడు వచ్చింది అంటాడు. నా ఫోను ఇంతసేపు ఎందుకు ఆపి ఉంచావు అంటాడు. హాల్లో ఇంకా పదిమందైనా ఉన్నారు, మేనేజరు వెనకే ఉన్నాడు. ఈ కుర్చీలో ఇంతకుముందు కూర్చున్నవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

"ఫోనేమైనా వచ్చిందా తల్లీ?" అన్నాడు టైలరు, రెండు చేతులూ చాచి.

"లేదు బాబాయ్. ఒక్కటీ రాలేదు."

అతను ఊపిరి వదిలాడు. గుండెల మీదనుంచి రాయి దిగినట్టయింది అతనికి. ఎందుకైనా మంచిది, ఒక్కసారి ఆసుపత్రికి చేసి కనుక్కోనా అని అడిగాడు.

చిలకకు మరో అవకాశం దొరికింది. ఊఁ అంటే చాలు. అతనే చేసుకుంటాడు. కానీ చేస్తే, ఇప్పటిదాకా చేసి చేసి విసిగిపోయామని వాళ్లు చెబుతారు. ఆ ఫోను చెవిన పెట్టుకుని అతను నిలబడి ఉండేది ఈ కౌంటరు ముందే.

"మీరు చేసే టైముకే వాళ్లు చేస్తే?" అంది. "ఎంగేజ్ వస్తుంది. చేయొద్దని వాళ్లే చెప్పారన్నారు కదా."

"నిజమే. నా బుర్రకు తట్టలేదు చూడు. చల్లగా ఉండమ్మా."

నేలమాళిగలో సిగ్నల్ అందదని అతను భార్య దగ్గరికి వెళ్లలేదు. షాపు మెట్ల మీదే కూర్చుని ఫోనును అరచేతిలో పెట్టుకున్నాడు. దారిన పోయే ఒకాయన ఒక్క కాల్ చేసుకుంటానని అడిగితే, లైను ఖాళీగా ఉంచాలని చెప్పి పంపేశాడు. అద్దంలోంచి చిలక అంతా చూసింది.

తలనొప్పి అని చెప్పి వెనక గదిలోకి వెళ్లింది. తన ఫోనులో ఆసుపత్రి పేరు వెతికి నంబరు పట్టుకుంది. చేసింది. ఎవరూ ఎత్తలేదు. సంగీతం మొదలైంది. మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి అని ఒక అమ్మాయి గొంతు. తీపి తగ్గకుండా మళ్లీ అదే, మళ్లీ అదే. నరాలు తెగిపోతాయేమో అనిపించింది చిలకకు. ఒక నంబరు నొక్కమంది, నొక్కింది. ఇంకోటి నొక్కమంది. మళ్లీ సంగీతం. అవతల అమ్మాయి పీక నొక్కాలనిపించింది. పావుగంట ఆ సంగీతంలోనే కరిగిపోయింది.

చివరికి ఒక మనిషి గొంతు పలికింది. ఫలానా ఊరి టైలరు భార్య తరఫు బంధువునని చెప్పింది చిలక. అవతలి మనిషి కస్సుమంది. ఎన్నిసార్లు చేసినా ఆఫ్‌లో ఉందనీ, పేర్లు రాయించుకుని ఫోన్లు ఆపుకుని పడుకునే వాళ్లకు తామేం చేయగలమనీ దులిపేసింది. తర్వాతి పేషెంటు ఇప్పుడే లోపలికి వెళ్లాడట.

మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగింది చిలక.

"గ్రూపు కలవాలి, వంతు రావాలి. అన్నిటికన్నా ముందు, ఆవిడ అప్పటిదాకా ఉండాలి కదమ్మా. ఇక పెట్టేస్తున్నా."

ఆమె ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. తలనొప్పి తగ్గిందా అన్నాడు మేనేజరు. ఈ పూట ఒక్క ఫిర్యాదు కూడా లేదని పైవాళ్లకు చెప్పాడట, వాళ్లు చాలా సంతోషించారట. ఆమె తలూపింది.

అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు. టైలరు. తల లోపలికి పెట్టి మొహమాటపడుతూ నవ్వాడు. ఇంతసేపైనా మోగలేదనీ, ఫోను బాగానే ఉందో లేదో అనుమానంగా ఉందనీ, నీ ఫోను నుంచి ఒక్కసారి కొట్టి చూడమనీ అడిగాడు. నంబరు చెప్పాడు. ఆమె కాదనలేకపోయింది, నొక్కింది. అతను మళ్లీ మెట్ల మీదికి వెళ్లి, మోగుతుందా లేదా అని ఫోను కేసే చూస్తూ నిలబడ్డాడు.

మోగింది. పరీక్ష కోసమే చేయమన్నానన్న సంగతి ఆ మోతతో అతని బుర్రలోంచి ఎగిరిపోయింది. టేపు మెడలోంచి జారి పడింది, తియ్యలేదు. ఎదురు బిల్డింగు వైపు రెండడుగులు వేసేశాడు కూడా.

"చెప్పండి డాక్టరు గారూ" అన్న గొంతు ఆమె చెవిలోనూ, అద్దం అవతలా ఒకేసారి వినిపించింది. "బయల్దేరుతున్నాం. బట్టలు సర్దే ఉన్నాయి. గంటలోపే పలికాను కదండీ?"

చిలక నోరు తెరిచింది. అలవాటైన తీపి దానంతట అదే వచ్చింది.

"నేనే బాబాయ్. బ్రహ్మాండంగా మోగుతోంది."

అతను వెనక్కి తిరిగి, అద్దంలోంచి ఆమెను చూసి, నుదురు కొట్టుకుని నవ్వాడు.

"ఇక పెట్టెయ్ తల్లీ" అన్నాడు. "వాళ్లు చేసే వేళయింది."