ఒక్కడి కోసం పరవని గుడ్డ

నేను ఒక దస్తర్‌ఖాన్‌ని. పేరులో ఖాన్ ఉంది కదా అని పఠాన్ననుకునేరు. భోజనాల వేళ నేల మీద పరిచే గుడ్డని. మధ్యలో నేను, నా మీద గిన్నెలు, నా చుట్టూ మనుషులు. ఎంత కొత్తవాళ్లయినా సరే, నన్ను పరిచితే పరిచితులే.

పుట్టింది చీరాలలో. చీరాలలో పుట్టి కూడా చీర కాలేకపోయానని చిన్నతనంలో కాస్త బెంగ ఉండేది. ఎర్రటి నేత, ఆకుపచ్చ అంచు, అంచు పొడవునా కమాను బొమ్మలు. ఆ కమానులే నా కొంప ముంచాయి. ఎలాగో చెబుతాను.

అద్దంకి దగ్గర నాదస్వరం కాశిం సాయిబుకు పెళ్లిలో నన్ను అత్తగారు పెట్టారు. ఆ ఇంట్లో మాట తెలుగు. పొద్దున నమాజు, సాయంత్రం రాములవారి కల్యాణంలో సన్నాయి. సాయిబుకు డోలు వాయించేది బసవయ్య. ముప్పై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే మేళం, ఒకే దస్తర్‌ఖాన్. ఆ మేళానికో పద్ధతి ఉంది: డోలు చెయ్యి పళ్లెంలో పడ్డాకే సన్నాయి చెయ్యి పడాలి. "ఊదేవాడికి చప్పట్లు, బాదేవాడికి బొబ్బలు; మొదటి ముద్దయినా వాడికి దక్కొద్దా?" అని సాయిబు తండ్రి పెట్టిన నియమం అది. రంజాన్ నెలలో బసవయ్య పగలు మంచినీళ్లు ముట్టడు. కార్తీక సోమవారం చుక్క కనబడేదాకా సాయిబు మెతుకు ముట్టడు. "మీ ఇద్దరిలో ఎవరు ఎవరో ఆ దేవుళ్లే కూర్చుని తేల్చుకోవాల" అనేది సాయిబు భార్య ఉసేన్‌బీ.

నా ఎడమ మూల ఉన్న గోంగూర మరక బసవయ్యది. మీరు వాటిని మరకలంటారు. నేను మార్కులంటాను.

జర్మనీలో మన తెలుగువాళ్లు కట్టుకున్న గుడిలో కల్యాణానికి మేళాన్ని పిలిచారు. ఉసేన్‌బీ నన్ను పెట్టె అడుగున సర్ది, "ఏ దేశంలో తిన్నా ఇద్దరూ కూర్చుని తినండి" అని మరీ చెప్పి పంపింది. కల్యాణం బ్రహ్మాండంగా జరిగింది. చివరి మంగళం ఊదుతూనే సాయిబు పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. పిత్తాశయంలో రాళ్లట. ఆసుపత్రిలో చేర్చి, కోసి, తీశారు. రాయి బయటికి వచ్చింది గానీ మెతుకు లోపలికి పోలేదు.

అక్కడ రోగుల భోజనం చూసే ఆవిడ ఫ్రావ్ కెల్లర్. ఫ్రావ్ అంటే మన 'గారు' లాంటిదే, కాకపోతే ముందే తగిలిస్తారు. ఆరడుగుల మనిషి, చేతిలో కాగితాల అట్ట, ముఖంలో చట్టం. తన వార్డులో ముస్లిం రోగి ఉన్నాడని తెలియగానే ఆవిడ నడుం బిగించింది. పళ్లెం మీద 'హలాల్' అని ఆకుపచ్చ కార్డు పెట్టించింది. సాయిబు మూత తీసి చూశాడు, మళ్లీ పెట్టేశాడు.

"ఆకలి లేదమ్మా."

లిస్సీ అనే మలయాళీ నర్సు దాన్ని జర్మన్‌లోకి దించింది. నెల్లూరులో నర్సింగ్ చదివిన పిల్ల కాబట్టి తెలుగు నడిపించగలదు.

తమ మాంసం మీద ఈయనకు నమ్మకం లేదని ఫ్రావ్ కెల్లర్ నిర్ధారించుకుంది. మర్నాడు మాంసం కొట్టు మార్చింది. కత్తులు వేరు, గరిటెలు వేరు, ఆఖరికి అంట్లు తోమే పీచు కూడా వేరు. హలాల్ పత్రానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి మంచానికి వేలాడదీసింది. హలాల్ కోసం అంత హైరానా పడ్డ మనిషిని నేను మా జిల్లాలో కూడా చూడలేదు.

సాయిబు మళ్లీ అదే మాట. "ఆకలి లేదమ్మా."

అబద్ధం. మంచం పక్క పెట్టెలోంచి నాకు అతని కడుపు చేసే కచేరీ వినబడుతూనే ఉంది. ముద్ద నోటి దాకా తెచ్చేవాడు; ఎదురుగా బసవయ్య చెయ్యి కనబడేది కాదు; ముద్ద వెనక్కి వెళ్లేది. అక్కడ భోజనం పదకొండున్నరకి, చూడవచ్చేవాళ్లకు వేళ రెండింటికి. బసవయ్య రోజూ ఠంచనుగా రెండింటికి వచ్చి "తిన్నావా బావా?" అనేవాడు. "తిన్నా. నువ్వో?" "తిన్నా." ఇద్దరూ జంటగా అబద్ధమాడేవాళ్లు, శ్రుతి కలిపి మరీ.

గురువారం సాయంత్రం లిస్సీ సెలవులో ఉంది. తువాలు కోసం పెట్టె తెరిచిన ఫ్రావ్ కెల్లర్ కళ్లు నా కమానుల మీద పడ్డాయి. ఫోన్‌లో ఏవో మసీదు బొమ్మలు చూసింది; వాటిలోనూ కమానులే. నా వంక చూసింది. ఇంకేముంది, నేను నమాజు గుడ్డనైపోయాను! మక్కా ఎటో ఫోన్‌నే అడిగి, కిటికీ మూల నన్ను ఆ దిక్కుకు పరిచి, చుట్టూ పసుపు పట్టీ అంటించింది. చెప్పులు కూడా విడిచింది. ముప్పై ఏళ్లు కూరా పులుసూ మోసినదాన్ని, ఒక్క పూటలో పవిత్రమైపోయాను. అంత భక్తిగా చేసిన మనిషిని కాదనలేక సాయిబు రెండు చేతులూ జోడించాడు.

శుక్రవారం పొద్దున డాక్టర్ వచ్చి ఒకే మాట చెప్పాడు. లిస్సీ దాన్ని తెలుగులో పెట్టింది.

"సార్, ఈ మధ్యాహ్నం కూడా తినకపోతే ముక్కులోంచి గొంతులోకి గొట్టం వేస్తారు సార్."

సాయిబు చెయ్యి గొంతు మీదికి పోయింది. బతుకంతా గొట్టాన్ని ఊదినవాడు. ఆ గొంతుకే గొట్టమా? లోపల ఎక్కడైనా గీసుకుంటే మళ్లీ ఊపిరి నిలిచేదెలా, స్వరం పలికేదెలా? లిస్సీ బయటికి వెళ్లి బసవయ్యకు ఫోన్ చేసి, వేళతో పని లేకుండా వెంటనే రమ్మంది.

భోజనం బండీ, బసవయ్యా ఒకేసారి లోపలికి వచ్చారు. బసవయ్య ముందు నన్నే చూశాడు.

"ఇదేంది బావా? దస్తర్‌ఖాన్‌ని మూలన పరిచి చుట్టూ కంచె కట్టారు?"

"నమాజు గుడ్డ అనుకుందయ్యా ఆ తల్లి. చెప్పులు కూడా ఇప్పింది. ఎట్టా చెప్పను?"

"నమాజు గుడ్డ మీద గోంగూరేంది?" వంగి నా మూల తడిమాడు. "ఇది నా మరకే." మరుక్షణం అతని చూపు పళ్లెం మీదికి మళ్లింది. మూత ఎత్తాడు. సూప్ నిండుగా ఉంది. మంచం పట్టీకి వేలాడుతున్న భోజనం చీటీలో మూడు రోజులుగా అన్నీ సున్నాలే. "రోజూ తిన్నానన్నావే!"

"నువ్వు తిన్నావా?"

బసవయ్య మూత మళ్లీ పెట్టేశాడు. "బ్రెడ్డు ముక్క కొరికాలే."

"నేనదీ కొరకలా."

"శ్రుతి తప్పావు బావా."

"నువ్వు మాత్రం తాళంలో ఉన్నావా?"

లిస్సీకి అప్పుడు వెలిగింది. గుమ్మంలో నిలబడ్డ ఫ్రావ్ కెల్లర్ వైపు తిరిగి అంతా చెప్పింది, ముప్పై ఏళ్ల పద్ధతితో సహా. చివర్లో మా వాళ్ల కోసం తెలుగులో కూడా అంది: "సమస్య మాంసం కాదు సార్, మనిషి."

ఫ్రావ్ కెల్లర్ తన అట్ట చూసుకుంది. ఒక రోగికి ఒక పళ్లెం. చూడవచ్చేవాళ్లు రెండింటికి. నా వైపు చూసింది. గోంగూర మరక దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది. అట్ట చంకలో పెట్టుకుని చరచరా బయటికి వెళ్లిపోయింది.

"కోపమొచ్చిందేమో," అన్నాడు సాయిబు. గోడ గడియారం పన్నెండు దాటింది. డాక్టర్ ఒంటి గంటకు వస్తాడు.

తలుపు తెరుచుకుంది. ఆమె చేతుల్లో రెండో పళ్లెం. దాని మీద ఆకుపచ్చ కార్డు, కార్డు మీద బసవయ్య పేరు, పేరు పక్కన ఇంకేదో మాట. లిస్సీ చదివి పకపకా నవ్వింది. "మిమ్మల్ని మందుల జాబితాలో వేసింది సార్!"

ఈయనకు కూడా హలాలేనా అని ఫ్రావ్ కెల్లర్ అడిగించింది.

"నాకిప్పుడున్న ఆకలికి ఆ కార్డు కూడా హలాలేనని చెప్పమ్మా," అన్నాడు బసవయ్య.

పసుపు పట్టీ ఊడబీకారు. కుట్లున్న మనిషి కింద కూర్చోలేడని నన్ను మంచం మీదే, సాయిబు మోకాళ్ల మీదుగా పరిచారు. బసవయ్య కాళ్ల వైపు చతికిలబడి, ఉడికిన బంగాళాదుంప వేళ్లతో చిదిమి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముఖం అదోలా పెట్టాడు.

"ఉప్పూ లేదు, కారమూ లేదు. హలాల్ చేశారు సరే, దీన్ని భోజనం ఎప్పుడు చేస్తారంట?"

సాయిబు పొట్ట పట్టుకుని నవ్వాడు. బిస్మిల్లా అన్నాడు. చెయ్యి పడింది. ముద్ద దిగింది. దాని వెనక రెండోది, దాని వెనక సూప్. తర్వాత అతను పక్కన చోటు తట్టి, "నిలబడ్డావేం తల్లీ, కూర్చో," అన్నాడు ఫ్రావ్ కెల్లర్‌తో. అనువాదం అక్కర్లేకపోయింది. ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసి, చెప్పులు విడిచి, కూర్చుంది. చెంచాడు సూప్ తాగింది. ఒక చుక్క నా మీద పడింది.

ఒంటి గంటకు వచ్చిన డాక్టర్, గొట్టం పట్టుకుని వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి తిరిగాడు.

సాయిబు మళ్లీ ఊదుతున్నాడు. నేను అరిగాను, నడుమ చిన్న చిల్లు కూడా పడింది. ఆ సూప్ మరకను ఉసేన్‌బీ సబ్బేసి ఉతకబోతే సాయిబు అడ్డుపడ్డాడు: "ఉండనీ. అది జర్మనీ."

ఈమధ్య ఫ్రావ్ కెల్లర్ నుంచి ఒక కవరొచ్చింది. లోపల ఆ ఆసుపత్రి కొత్త భోజనం కార్డు. వరసలన్నీ పాతవే: హలాల్, ఉప్పు తక్కువ, కొవ్వు తక్కువ. అన్నిటికంటే కింద కొత్తగా అచ్చేసిన ఒక వరస. దాని పక్కన లిస్సీ పెన్నుతో తెలుగులో రాసి పంపింది: 'ఎవరితో?'

ఉసేన్‌బీ ఆ కార్డును నా మడతలోనే దాచింది. ఆ ప్రశ్న ఎదురుగా జవాబుకు వదిలిన గీత ఖాళీగా ఉంది. మడత పెట్టినప్పుడు అది సరిగ్గా గోంగూర మరక మీదికే వస్తుంది.