మమ్మీకి నీళ్లంటే భయం

పులిహోర వేడివేడిగా డబ్బాకెత్తితే ఎండకు పాడైపోతుంది. అందుకే ఆదివారం తెల్లవారకముందే అన్నం వార్చి, పెద్ద పళ్లెంలో పరిచి, హాల్లో ఫ్యాను కింద ఆరబెట్టాను. అదే ఫ్యాను కింద మా మరిది దుర్గేష్ పడుకుని ఉన్నాడు. "వదినా, జర ఆ లైటు బంద్ జెయ్" అన్నాడు కళ్లు తెరవకుండానే. లైటు ఆపి, వంటింట్లోంచి పడే వెలుతురులోనే పులుసు కలిపాను.

లక్నవరం చెరువు చూసొద్దామన్నది మా ఆయన మురళీధర్. "సెలవులు అయిపోతున్నయి, పోరికి ఏం సూపెట్టలే. పొద్దుగాల పోయి రాత్రికి వచ్చేద్దాం. నీకు గూడ రెస్ట్ దొరుకుతది" అన్నాడు. నేనప్పుడే నాచారం నుంచి డ్యూటీ దిగివచ్చి చెప్పులు విడుస్తున్నాను. మందుల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. నేను పరీక్షించి సంతకం పెట్టందే సరుకు గేటు దాటదు. కానీ శనివారం కాస్త ముందుగా వెళ్తానని అడిగితే మేనేజర్ నవ్వి, "ట్రిప్పా మేడం? ఎంజాయ్ చెయ్యండి. ఆ పెండింగ్ రిపోర్టులు మాత్రం అయిపోవాలి" అన్నాడు. రిపోర్టులు ముగించి, దారిలో కూరగాయలు కొనుక్కుని, పీర్జాదిగూడలో బస్సు దిగేసరికి మా అత్తమ్మ అన్నపూర్ణమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "రేపటికి పూరీ పిండి ఇప్పుడే తడుపుతవా, పొద్దుగాల తడుపుతవా?" అని అడిగింది. ఎవరూ నన్ను గట్టిగా ఒక మాట కూడా అనరు. అంటే బాగుండునేమో. ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది.

కారులో ముందు సీటు దుర్గేష్‌ది. వెనక ఒక కిటికీ అత్తమ్మది, రెండో కిటికీ మా అమ్మాయి స్నిగ్ధది. మధ్యలో నేను, ఒళ్లో టిఫిన్ల సంచి. ఘట్‌కేసర్ దాటకముందే ఆకలన్నారు. పూరీలో కూర పెట్టి చుట్టి ఒక్కొక్కరికీ అందించాను. "ఉప్పు తక్కువైంది" అన్నాడు మా ఆయన రోడ్డు మీది చూపు తిప్పకుండా. దారి పొడుగునా వాళ్లు అటు చూడు, ఇటు చూడు అనుకుంటూనే ఉన్నారు. నేను సీసాల మూతలు తీసి ఇస్తూ, మళ్లీ బిగిస్తూ కూర్చున్నాను.

చెరువు దగ్గర చెట్టు నీడ చూసి దుప్పటి పరిచాను. "కోతులున్నయి. సామాన్ల కాడ ఎవరన్న ఉండాలె" అన్నాడు మా ఆయన. ఎవరన్న అంటే ఎవరో మా ఇంట్లో అడగనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కని అత్తమ్మ కూడా కొడుకు చెయ్యి పట్టుకుని వేలాడే వంతెన దాటింది. నేను ఉల్లిపాయలు తరిగాను. అందరూ తిరిగొచ్చి, నీళ్లు తాగి, బోటెక్కుతామని వెళ్లారు. రేవు దగ్గరే. మాటలు నాకు వినపడుతున్నాయి.

"ఇంకో సీటు ఖాళీ ఉంది. ఆ అక్క రాదా?" అన్నాడు బోటు నడిపే అతను.

"మా మమ్మీ రాదు. మమ్మీకి నీళ్లంటే భయం" అంది స్నిగ్ధ.

తన స్కూలు పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. చేతిలో కత్తి ఆగిపోయింది. ఈ భయం నాకు ఎప్పుడు వచ్చింది? స్నిగ్ధ చంటిపిల్లగా ఉన్నప్పుడు నాగార్జునసాగర్ వెళ్లాం. లాంచీ ఎక్కేముందు మా ఆయన, "నువ్వు పాపను పట్టుకోని ఈడ్నే ఉండు. నీకెట్లయిన భయమేనాయె" అన్నాడు. బాలింత ఒంటితో నిలబడలేక నేను తలూపాను. ఆ ఒక్క తలూపుడు ఇన్నేళ్లలో నా గుణమైపోయింది. మా అత్తమ్మ చుట్టాలతో అంది, మా మరిది స్నేహితులతో అన్నాడు, చివరకు నా బిడ్డ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పింది. జనగామ దగ్గర మా నాయిన వ్యవసాయ బావిలో నేను మోట దరి మీదినుంచి దూకేదాన్ని. ఊళ్లో సగం మంది ఆడపిల్లలకు ఈత నేర్పింది నేనే. ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఎవరూ అడగలేదు. చెప్పే తీరిక నాకు ఎవరూ ఇవ్వలేదు.

కత్తి పళ్లెంలో పడేసి లేచాను. రేవులోకి దిగి, లైఫ్ జాకెట్ అడిగి తీసుకున్నాను.

"నువ్వొస్తే సామాన్లు?" అన్నాడు మా ఆయన.

"మీరు సూడుండ్రి."

"కోతులు వస్తున్నయ్ ఉదయా, ఆడ సూడు."

"అందుకే అంటున్న. జెల్ది పోండ్రి."

ఆయన దుర్గేష్ వైపు చూశాడు. దుర్గేష్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. బోటతను తాడు విప్పడానికి ఎదురుచూస్తున్నాడు. పదిమంది చూస్తుండగా మా ఆయన దిగిపోయాడు. ఆ సీట్లో నేను కూర్చున్నాను.

చుట్టూ గుట్టలు, మధ్యలో పచ్చటి దీవులు, చల్లటి గాలి. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఇంత నీటిని ఇన్నేళ్లుగా ఒడ్డునుంచే చూశానని కోపం ముంచుకొచ్చింది.

"నీకు భయమైత లేదా మమ్మీ?"

"నాకు ఈత వస్తది బిడ్డా."

"ఎన్నడు చెప్పలేదేంది?" అంది అత్తమ్మ, నేరం చేసినదాన్ని చూసినట్టు చూస్తూ.

"మీరెన్నడు అడగలే అత్తమ్మా."

ఒడ్డుకొచ్చేసరికి పులిహోర డబ్బా లేదు. "ఒక్క గంట కూసుంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు మా ఆయన. గంటసేపు కాపలా కాసి డబ్బా పోగొట్టింది ఆయనే. తిట్లు మాత్రం నాకు. అందరం పెరుగన్నం తిన్నాం. తిరుగుదారిలో జనగామ దాటేదాకా ఆ పులిహోర గురించే మాట్లాడాడు.

తర్వాత చల్లబడ్డాడు. "వచ్చే ఆదివారం అనంతగిరి పోదాం. మా ఆఫీసోళ్లు గూడ వస్తమన్నరు. ఈసారి బగారన్నం పెట్టు, మస్తు ఖుషీ అయితరు."

"మీరు పోయి రాండ్రి. నేను రాను" అన్నాను.

"కోపంల అంటున్నవ్."

"కోపమే. అయినా రాను. వండి గూడ పంప."

"ఒక్కదానివి ఇంట్ల ఉండి ఏం జేస్తవ్?" అంది అత్తమ్మ.

"ఏం జెయ్య."

స్నిగ్ధ నా భుజం మీద తల వాల్చింది. "నేను గూడ నీతోనే ఉంట మమ్మీ."

ఇంకో రోజైతే ఆ మాటకు కరిగిపోయి, ఆదివారానికి బియ్యం నానబెట్టేదాన్ని. దాని జుట్టు నిమిరాను.

"వద్దు బిడ్డా, నువ్వు గూడ పో" అన్నాను. "ఆ ఒక్క రోజు నాకు ఎవ్వరూ వద్దు."